చీకటి గదిలో సీసాల ఆయుర్దాయం

పాత ఇళ్ళలో నడవగోడమీద వరుసగా వేలాడే ఫోటోలను పరికించి చూచినవారికి ఒక విచిత్రం కనిపిస్తుంది. ఒకే గోడ, ఒకే వెలుతురు, ఏటేటా అదే వానతేమ. అయినా ఒక పటంలోని పెద్దాయన కోటు గుండీలతో సహా నిన్నో మొన్నో తీయించుకున్నట్లు నల్లగా నిగనిగలాడుతూ ఉంటాడు. ప్రక్క పటంలోని ఇల్లాలి ముఖం మాత్రం పసుపుబారి, అంచులనుంచి వెలిసిపోతూ, కళ్ళెక్కడో ముక్కెక్కడో వెదకుకోవలసిన స్థితిలో ఉంటుంది. బహుశా ఆమెకు ఉన్నది ఆ ఒక్క ఫోటోయే. ఇంటివారు ఎండను నిందిస్తారు, గోడ చెమ్మను నిందిస్తారు. వాటి తప్పు బొత్తిగా లేదని కాదు. కాని తరచుగా అసలు తప్పు, ఆ ఫోటో గోడకు ఎక్కకముందే, అది పుట్టిన రోజునే, స్టూడియో వెనుక చీకటి గదిలో జరిగిపోయి ఉంటుంది. ఆనాడు పళ్ళెంలో పోసిన ద్రావణం అప్పటికే ముసలిదై ఉంటుంది.

ఫోటోగ్రఫీ అనగానే కెమెరా, కటకం, వెలుగు, నీడ అనే మాటలే అందరి నోటా వస్తాయి. ఆ విద్యను గురించిన పుస్తకాలలోనూ కటకాలకు వంద పుటలు కేటాయిస్తే, మందుల సీసాలను దాచుకునే తీరుకు ఒక పేరా దక్కుతుంది. ఇది కొంత అన్యాయమే. వెలుతురు క్షణంలో తన పని ముగించుకొని వెళ్ళిపోతుంది. అది వ్రాసిపోయినదానిని కంటికి కనబరచేవీ, కలకాలం నిలబెట్టేవీ సీసాలలోని ద్రావణాలు. వాటికి పుట్టుక ఉన్నది, ముదిమి ఉన్నది, మరణమూ ఉన్నది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, చచ్చిన ద్రావణం కూడా చూపులకు బతికి ఉన్నదానివలెనే కనిపించవచ్చును.

సంగతి మొదటినుంచి చెప్పుకోవాలి. ఫిల్ముమీదా, ఫోటో కాగితంమీదా పలుచని జిలెటిన్ పొరలో వెండి లవణాల సన్నని రేణువులు ఉంటాయి. వెలుతురు సోకిన రేణువులో కంటికి ఆనని ఒక సూక్ష్మమైన మార్పు వస్తుంది. డెవలపర్ అనే ద్రావణంలో ముంచినప్పుడు, అట్లా వెలుతురు సోకిన రేణువులు నల్లని లోహపు వెండిగా మారి బొమ్మ రూపు కడుతుంది. తరువాత కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో ముంచి డెవలపర్ పనిని ఆపుతారు. అయితే వెలుతురు సోకని రేణువులు ఇంకా మిగిలే ఉన్నవి గదా! వాటిని కరగించి తీసివేయకపోతే, బయటికి తెచ్చిన బొమ్మ క్రమంగా నల్లబడిపోతుంది. ఆ కరగించే పని హైపోది. కడపట నీళ్ళలో చాలాసేపు కడిగి ఆరవేస్తారు.

హైపో పేరుకు ఒక చిన్న కథ ఉన్నది. ఈ లవణానికి వెండి లవణాలను కరగించే గుణమున్నదని 1819లోనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ ప్రకటించినాడు. అప్పటికి ఫోటోగ్రఫీయే లేదు. ఇరవై ఏండ్ల తరువాత, 1839లో, ఫ్రాన్సులో డాగురే, ఇంగ్లండులో టాల్బట్ వెలుతురుతో బొమ్మలు పట్టిన వార్తలు వెలువడినప్పుడు, పట్టిన బొమ్మను నిలిపే ఉపాయంగా హెర్షెల్ తన పాత లవణాన్ని బయటికి తీసినాడు. ఆయన దానిని హైపోసల్ఫైట్ అన్నాడు. రసాయనజ్ఞులు తరువాత ఆ పేరు సరికాదని థయోసల్ఫేట్ అని మార్చినారు. అయినా చీకటి గదిలో ఆ సవరణ చెల్లలేదు. వాడుకలో పడిన హైపో అనే మాటయే నేటికీ నిలిచి ఉన్నది. పండితులు సరిదిద్దిన రూపం పుస్తకంలోనూ, జనం పలికిన రూపం నాలుకమీదనూ ఉండిపోవడం తెలుగువారికి కొత్తకాదు.

ఈ రెండు ముఖ్య ద్రావణాలూ ముసలివైనప్పుడు చేసే ద్రోహం ఒక తీరుగా ఉండదు. డెవలపర్ చెడితే ఫలితం ఆ రాత్రే తెలుస్తుంది. ఫిల్ము వెలవెలబోతుంది, లేదా ఖాళీగా వస్తుంది. ఫోటోగ్రాఫరు తల పట్టుకుంటాడు. పెళ్ళి మళ్ళీ జరగదు. హైపో చెడితే మాత్రం ఆ రాత్రి ఏమీ జరిగినట్లుండదు. బొమ్మ చక్కగా వస్తుంది, ఆరుతుంది, అట్టమీద అంటుకుంటుంది, డబ్బు చేతులు మారుతుంది. దాని ఫలం అనుభవించేవారు ఆనాటికి ఇంకా పుట్టి ఉండకపోవచ్చును.

గాలి అనే శత్రువు

డెవలపర్‌లో పనిచేసే పదార్థాలలో హైడ్రోక్వినోన్ ఒకటి, మెటాల్ ఒకటి. హైడ్రోక్వినోన్‌కు బొమ్మను వెలికితీసే శక్తి ఉన్నదని 1880లో కెప్టెన్ ఆబ్నీ కనుగొన్నాడు. మెటాల్ 1891లో వచ్చినది. ఈ రెండింటి గుణమూ ఒక్కటే. తమ దగ్గర ఉన్న ఎలక్ట్రాన్లను ఇతరులకు ఇచ్చివేయాలనే తహతహ. వెండి లవణం కనిపిస్తే దానికి ఇస్తాయి. అదే మనకు కావలసిన పని. కాని గాలిలోని ఆమ్లజని ఎదురైతే దానికీ ఇచ్చివేస్తాయి. దాత గుణమే దాతకు ముప్పు తెచ్చినట్లు, డెవలపర్‌ను డెవలపర్‌గా నిలిపే స్వభావమే దాని ఆయువును హరిస్తున్నది.

అందుకే ప్రతి డెవలపర్‌లోనూ ఒక కావలివాడిని నియమిస్తారు. అది సోడియం సల్ఫైట్. వచ్చిన ఆమ్లజనిని తాను తీసుకొని సల్ఫేట్‌గా మారిపోయి, లోపలివారిని కాపాడుతుంది. 1927లో వెలువడి నేటికీ వాడుకలో ఉన్న కొడాక్ వారి డి-76 అనే ప్రసిద్ధ సూత్రాన్ని చూస్తే ఈ కావలి ఎంత బలమైనదో తెలుస్తుంది. లీటరు నీళ్ళకు మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు; సల్ఫైట్ మాత్రం 100 గ్రాములు! పనివారు ఏడుగురైతే కాపలావారు నూరుగురన్నమాట. బొమ్మలోని రేణువులను సన్నగా తీర్చే పనికూడా ఆ సల్ఫైట్‌దే గనుక అంత మోతాదు వేసినారు. అది వేరే సంగతి.

ఇంత కాపలా ఉన్నా కోట పడిపోతుంది. ఎట్లా పడిపోతుందో విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. లీటరు సీసాలో అర లీటరు డెవలపర్ మిగిలి ఉన్నదనుకుందాము. తక్కిన అర లీటరు జాగాలో గాలి. అందులో సుమారు అయిదవ వంతు, అనగా 100 మిల్లీలీటర్లు, ఆమ్లజని. ఆ ఆమ్లజని మొత్తం ఖర్చయితే సుమారు 1 గ్రాము సల్ఫైట్‌ను చంపగలదు. ఒక గ్రామేకదా అనిపిస్తుంది. అయితే బిరడా తీసి కొంత పోసుకొని మళ్ళీ బిగించిన ప్రతిసారీ సీసాలోకి కొత్త గాలి వస్తుంది, పైగా లోపలి జాగా పెరుగుతుంది. సీసా ఖాళీ అవుతున్నకొద్దీ మిగిలినదాని ప్రమాదం ఎక్కువవుతుంది. డి-76ను నిండు సీసాలో గట్టిగా మూసి పెడితే 6 నెలలు, సగం ఖాళీ సీసాలో అయితే 2 నెలలు నిలుస్తుందని తయారీదారులు చెప్పిన గడువులకు మూలం ఇదే. వెడల్పాటి పళ్ళెంలో పోసి ఉంచితే ఒక్క రోజు. అదే మందు, అవే నీళ్ళు. గాలి సోకే వైశాల్యం ఒక్కటే మారినది.

ఈ రహస్యం తెలుగు ఇల్లాండ్రకు ఏ పాఠశాలా చెప్పకుండానే తెలుసు. ఆవకాయ జాడీలో ముక్కలపైన నూనె తేలి ఉండాలంటారు. నూనె క్రింద ఉన్న ముక్కకు గాలి సోకదు. జాడీ మూతికి గుడ్డతో వాసెన కడతారు. అన్నిటికంటె ముఖ్యంగా, పెద్ద జాడీని రోజూ తెరవరు. వారానికి సరిపడా చిన్న జాడీలోకి తీసుకొని, దానినే వంటింట్లో వాడతారు. చీకటి గదిలో అనుభవజ్ఞులు చేసేదీ అచ్చంగా ఇదే. అయిదు లీటర్ల ద్రావణాన్ని ఒక పెద్ద డబ్బాలో ఉంచక, ఒక్కొక్క దఫాకు సరిపడా చిన్న సీసాలలో మూతివరకు నింపి పెడతారు. ఒక సీసా తెరిస్తే ఆ సీసాయే గాలిపాలవుతుంది, తక్కినవాటికి అంటదు. చిన్న సీసాలు దొరకనివారు సగమైన సీసాలోకి శుభ్రంగా కడిగిన గాజు గోళీలు జారవిడిచి ద్రావణాన్ని మూతివరకు తెస్తారు. గోళీసోడాలో గోళీ లోపలి వాయువును బయటికి పోనీయదు. ఈ గోళీలు బయటి గాలికి లోపల చోటులేకుండా చేస్తాయి.

సీసా ఏ పదార్థంతో చేసినదన్నదీ చూడాలి. గాజు గాలిని చొరనీయదు. మెత్తగా నొక్కుకుపోయే కొన్ని ప్లాస్టిక్కు సీసాలు, అంటే పాలిథీన్‌తో చేసినవి, చూపులకు ఎంత గట్టిగా మూసినా గోడలగుండానే కొద్దికొద్దిగా గాలిని పీల్చుకుంటాయి. గోధుమరంగు గాజును వెలుతురుకు చెడే ద్రావణాలకు వాడటం ఆచారం. సిల్వర్ నైట్రేట్‌కు అది తప్పనిసరి. డెవలపర్‌కు మాత్రం గాజు రంగుకంటె బిరడా గట్టిదనమే ప్రాణం. ఇక నీటి మాట. కాచి చల్లార్చిన నీటిలో కరిగిన గాలి తక్కువగా ఉంటుంది గనుక ద్రావణం చేసుకోవడానికి అది మేలు. ఇనుము, రాగి లవణాలు లేశమాత్రం ఉన్నా ఆమ్లజని దాడి వేగం హెచ్చుతుంది. ఉప్పునీటి బావులున్న ఊళ్ళలో స్వేదనజలం కొనక తప్పదు.

రంగు చెప్పే మాట, చెప్పని మాట

పాడవుతున్న డెవలపర్ మొదట లేత గడ్డిరంగు దాలుస్తుంది. తరువాత తేనీరువలె అవుతుంది. కాఫీ డికాక్షన్ రంగు వచ్చిన తరువాత దానిని పారబోయవలసిందేనని స్టూడియోలలో పిల్లవాడికి కూడా తెలుసు. మెటాల్, హైడ్రోక్వినోన్ కలిసినవాటి విషయంలో ఈ లెక్క చాలావరకు నిజమే. కాని రంగును నమ్ముకున్నవారు రెండు వైపులా మోసపోయినారు.

1891లోనే ఆగ్ఫా కంపెనీ రోడినాల్ అనే చిక్కని డెవలపర్‌ను అమ్మకానికి తెచ్చినది. సీసాలో అది క్రమంగా ముదిరి నల్లని కషాయంవలె అవుతుంది. చూచినవారెవరూ దానికి మంచి మాట చెప్పరు. అయినా నీళ్ళలో పలుచన చేసి ఫిల్మును ముంచితే అది ఎప్పటివలెనే పనిచేస్తుంది. మూత తీసి ఏండ్లు గడచిన సీసాలు కూడా కొరగాకుండా పోలేదని దానిని వాడినవారు మెచ్చుకుంటారు. దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే మన నిమ్మ ఉసిరికలలోని సి విటమిను, ఆధారంగా చేసిన డెవలపర్లు. 1996లో కొడాక్ వారు తెచ్చిన ఎక్స్‌టాల్ ఈ జాతిది. ఇది చెడినప్పుడు రంగు మారదు. నిర్మలమైన నీళ్ళవలెనే ఉండి, అందులో ముంచిన ఫిల్మును ఖాళీగా తిప్పి పంపుతుంది. దీనిని ఫోటోగ్రాఫర్లు హఠాన్మరణమని పిలుచుకున్నారు. ఆ పేరులో ఎంత గుండెకోత ఉన్నదో, తీర్థయాత్ర బొమ్మలన్నీ పోగొట్టుకున్నవారికే తెలియాలి.

కావున రంగు సాక్ష్యం చాలదు, పరీక్ష చేయవలసిందే. పరీక్ష బహు తేలిక. ఫిల్ము మొదట కెమెరాలోకి ఎక్కించేటప్పుడు కొస ఎట్లాగూ వెలుతురుపాలవుతుంది. ఆ కొసనుంచి రెండంగుళాల తునక కత్తిరించి, దీపం వెలిగి ఉండగానే డెవలపర్‌లో వేయాలి. నియమిత కాలానికి అది దట్టమైన నలుపు తిరిగితే ద్రావణం బతికి ఉన్నట్లు. బూడిదరంగుతో ఆగిపోతే అసలు ఫిల్మును దాని దగ్గరకు తీసుకుపోరాదు. అయిదు నిమిషాల పని. ఎందరో ఈ అయిదు నిమిషాలను ఆదా చేయబోయి నష్టపోయినారు.

ముసలితనమంటే బలహీనపడటమేనని కూడా అనుకోరాదు. డి-76 నిలవలో కొంతకాలం బలం పుంజుకుంటుంది. హైడ్రోక్వినోన్, సల్ఫైట్, ఆమ్లజని మూడూ కలిసి జరిగే చర్యలో కొంచెంగా కాస్టిక్ సోడా పుడుతుంది. ద్రావణంలో క్షారగుణం పెరిగి, అదే కాలవ్యవధిలో ఫిల్ము మరింత నల్లబడుతుంది. దీనిని అదుపులో పెట్టడానికి వెలిగారం పాలు పెంచి బోరిక్ ఆమ్లాన్ని జోడించిన రూపాంతరాన్ని తరువాత తయారుచేసినారు. నిరుటి ఫలితమే ఈ ఏడూ రావాలని కోరుకునేవాడు ద్రావణం వయస్సును కూడా లెక్కలో వేసుకోవాలి.

పొడులు, గడ్డకట్టే ఆమ్లం

ద్రావణాలకే గాని పొడులకు చావులేదనే నమ్మకం ఒకటి ఉన్నది. మూత వదులైన డబ్బాలోని సల్ఫైట్ పొడి, గాలి తగిలి నెమ్మదిగా సల్ఫేట్ అవుతుంది. తెల్లపొడి తెల్లపొడిగానే ఉంటుంది గనుక ఎవరూ గమనించరు. సోడా విషయంలో మరొక చిత్రం. స్ఫటికాల చాకలిసోడాలో బరువులో ఎక్కువ భాగం నీరే. 100 గ్రాముల నిర్జల సోడాకు సమానం కావాలంటే 270 గ్రాముల స్ఫటికాలు తూచాలి. డబ్బాలో ఆ స్ఫటికాలు నీరు కోల్పోయి పిండిగా రాలిన తరువాత కూడా పాత తూకమే వేసినవాడు, తనకు తెలియకుండానే రెండింతలకు పైగా క్షారం కలిపినవాడవుతాడు. పాఠశాల ప్రయోగశాలలో అనుమానం సల్ఫైట్‌మీదకో, విద్యార్థి చేతిమీదకో పోతుంది. తప్పు డబ్బా మూతది.

గాఢ ఎసిటిక్ ఆమ్లం తన అలవాటు తనది. 16.6 డిగ్రీల దగ్గర అది మంచువలె గడ్డకడుతుంది. అదిలాబాదు, అరకు ప్రాంతాల చలి రాత్రులలో సీసాలో గడ్డకట్టిన ఆమ్లాన్ని చూచి చెడిపోయినదని పారవేయనక్కరలేదు. గోరువెచ్చని నీళ్ళలో సీసాను నిలబెడితే కరుగుతుంది. దాని ఆవిరి మండుతుంది గనుక పొయ్యిదగ్గరకు మాత్రం పోనీయరాదు.

ఉపాధ్యాయులు గట్టిగా పట్టించుకోవలసిన మాట ఒకటి ఈ సందర్భంలోనే చెప్పాలి. ఇంట్లో ఖాళీ అయిన షర్బతు సీసాలలో, మంచినీళ్ళ సీసాలలో ఈ ద్రావణాలను నింపడం చాలాచోట్ల కనిపించే అలవాటు. దాహంతో వచ్చిన పిల్లవాడికి సీసా ఆకారమే కనిపిస్తుంది గాని చీటీ కనిపించదు. తాగే సీసాకూ, మందు సీసాకూ రూపంలోనే తేడా ఉండాలి. మందు సీసా అందనంత ఎత్తులో, తాళంలో ఉండాలి. మెటాల్ చర్మానికి సోకి దురదలు, పుండ్లు తెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. పళ్ళెంలో వేళ్ళు పెట్టక చిమటాలు వాడటం మర్యాదకొరకు కాదు.

హైపో ముదిరితే

హైపో రెండు విధాల ముదురుతుంది. ఒకటి ఊరక ఉండి, రెండవది పనిచేసి.

ఊరక ఉండి చెడే తీరు ఉన్నత పాఠశాల, ఇంటర్మీడియెట్ విద్యార్థులు ప్రయోగశాలలో చూడగలిగినదే. కాగితంమీద గుణకారపు గుర్తు గీసి, దానిపై బీకరులో హైపో ద్రావణం ఉంచి, ఆమ్లం పోస్తే కొంతసేపటికి ద్రావణం పాలవలె తెల్లబడి గుర్తు మాయమవుతుంది. విడివడిన గంధకం చేసే పని అది. చీకటి గదిలోని ఆమ్లపు హైపోలో అదే చర్య నెమ్మదిగా నడుస్తూ ఉంటుంది. దానిని నెలల తరబడి నిలువరించడానికి ఇక్కడ కూడా సల్ఫైట్‌నే కావలి పెడతారు. సీసా అడుగున పసుపుపచ్చని మడ్డి, మూత తీయగానే ఘాటైన గంధకపు వాసన తగిలితే కాలం తీరినట్లే.

పనిచేసి ముదిరిన హైపో ఇంతకంటె ప్రమాదకరం. కాగితంనుంచి కరిగిన వెండి అంతా దానిలోనే పోగవుతూ ఉంటుంది. వెండి తక్కువగా ఉన్నప్పుడు ఏర్పడే సమ్మేళనాలు నీళ్ళలో సులభంగా కడుక్కుపోతాయి. పోగు హెచ్చినకొద్దీ, ఎంత కడిగినా కాగితపు నారలను వదలని జిగట సమ్మేళనాలు ఏర్పడతాయి. అవి కంటికి కనిపించవు. ఏండ్లు గడచిన తరువాత విచ్ఛిన్నమై, వెండి సల్ఫైడుగా, పసుపు గోధుమ మరకలుగా బయటపడతాయి. సరిగా కడగక మిగిలిపోయిన హైపో కూడా బొమ్మలోని వెండినే తినివేస్తుంది. నడవగోడమీది ఇల్లాలి ముఖాన్ని చెరిపినవి చాలావరకు ఇవే.

ఈ దోషం ఫోటోగ్రఫీ శైశవంలోనే బయటపడినది. తీసి పట్టుమని పదేండ్లయినా కాని బొమ్మలు వెలిసిపోతూ ఉండగా, 1855లో లండను ఫోటోగ్రఫీ సంఘంవారు కారణాలు విచారించడానికి ఒక ఉపసంఘాన్ని ఏర్పరచినారు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ ఆ విచారణకు 50 పౌండ్లు విరాళమిచ్చినాడు. వెలిసిపోవడానికి కారణాలలో కాగితంలో మిగిలిపోయిన హైపోనే వారు మొదట పేర్కొన్నారు. విచారణ ముగిసి నూట డెబ్బై ఏండ్లయినా తప్పు మాత్రం ఆగలేదు. కారణం దురాశ అనడం తేలిక. నిజానికి, చేసిన తప్పు చేసినవాడి జీవితకాలంలో కనిపించదు. అందువల్ల అనుభవం అతనికి పాఠం చెప్పదు. వంటలో ఉప్పెక్కువైతే ఆ పూటకే తెలుస్తుంది. హైపో విషయంలో ఆ సౌకర్యం లేదు.

అనుభవం చెప్పని పాఠాన్ని పరీక్ష చెప్పాలి. పొటాషియం అయొడైడ్ ద్రావణపు చుక్కలు కొన్ని హైపోలో వేస్తే, వెండి పోగు హెచ్చినదైనప్పుడు లేత పసుపు అవక్షేపం ఏర్పడి కరగక నిలుస్తుంది. ఫిల్ము విషయంలో ఇంకా సులువు. కొత్త హైపోలో ఒక ఫిల్ము తునక తేటపడటానికి ఎన్ని నిమిషాలు పట్టినదో వ్రాసి పెట్టుకోవాలి. ఆ కాలం రెండింతలైన రోజున ద్రావణాన్ని విడిచిపెట్టాలి. కాగితపు బొమ్మల విషయంలో లీటరు హైపోలో 2 గ్రాముల వెండి చేరేవరకు సామాన్యపు పనులకు వాడవచ్చునని, తరతరాలు నిలవవలసిన బొమ్మలకైతే అర గ్రాము దగ్గరే ఆపాలని నిపుణుల సూచన. రెండు సంఖ్యలకూ నడుమ ఉన్న నాలుగింతల దూరంలోనే చవక స్టూడియోకూ, నిజమైన శిల్పికీ భేదం ఉన్నది.

హైదరాబాదుకు సంబంధించిన ఒక నిదర్శనం ఇక్కడ స్మరించదగినది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడై ప్రసిద్ధికెక్కిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) గాజు నెగటివులు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నవి. నూరేండ్లు దాటిన గాజుపలకలమీద భవనాలూ, సైనికులూ, జమీందారుల ముఖాలూ నేటికీ చదువుకోవచ్చును. ఆ మనుగడకు భద్రపరచినవారి శ్రద్ధ ఒక కారణం. కాని హైపో, కడుగుడు సరిగా జరగని పలకను ఏ కళాకేంద్రమూ కాపాడలేదు. కరెంటు పంకా లేని రోజులలో, దక్కను ఎండలలో, పేరు తెలియని ఏ సహాయకుడో కుండలకొద్దీ నీళ్ళు మోసి ఆ పలకలను కడిగి ఉంటాడు.

వేసవి

చీకటి గది సూత్రాలన్నీ 20 డిగ్రీల వేడిమిని ప్రమాణంగా పెట్టుకొని శీతల దేశాలలో వ్రాసినవి. తెలుగుదేశపు వేసవి నలభై దాటుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే సాధారణంగా రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. గుణకారపు గుర్తు ప్రయోగాన్నే వేడి నీటితో చేసి చూస్తే ఇది తేటపడుతుంది. ఆ లెక్కన పుస్తకంలోని ఆరు నెలల గడువు మే నెలలో రేకుల కప్పుక్రింద ఏ నెల రోజులకో కుదించుకుపోయినా ఆశ్చర్యం లేదు. జిలెటిన్ పొర ఉబ్బి ఊడిపోయే ప్రమాదం మరొకటి. అందుకే పూర్వం స్టూడియోలవారు పళ్ళేల చుట్టూ మంచుగడ్డలు పేర్చేవారు, పొరను గట్టిపరచడానికి క్రోమ్ పటిక వాడేవారు, వేసవిలో తెల్లవారుజామునే పని ముగించేవారు. సీసాలను కిటికీ గూటిలో కాక నేలకు దగ్గరగా, దక్షిణపు ఎండ తగలని గోడవారగా ఉంచడం ఖర్చులేని ఉపాయం. శీతలయంత్రం ఉన్నదని అన్నిటినీ అందులోకి తోయడమూ తగదు. అతిచల్లదనంలో కొన్ని లవణాలు స్ఫటికాలై అడుగున కూర్చుంటాయి, తిరిగి పూర్తిగా కరగవు. తినుబండారాల ప్రక్కన ఉంచడం అసలే కూడదు.

నేడు ఈ జాగ్రత్తల అవసరం తగ్గినదని కొందరనవచ్చును. ఉదకమండలంలో 1960లో నెలకొని, ‘ఇందు’ పేరుతో ఫిల్ములూ కాగితాలూ తయారుచేసిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం మూతబడినది. వీధివీధికీ ఉన్న చీకటి గదులు పోయినవి. కాని కళాశాలలలో, అభిరుచిగల యువకుల స్నానాల గదులలో ఆ ఎర్రదీపం మళ్ళీ అక్కడక్కడ వెలుగుతున్నది. వారికి మందులు దూరంనుంచి, ఎక్కువ ధరకు, ఎప్పుడో ఒకసారి దొరుకుతాయి. పూర్వం స్టూడియోలో వారానికి ఖర్చయ్యే ద్రావణం వారి అలమారలో ఏడాది నిలుస్తుంది. నిలవ పాఠం వారికే ఎక్కువ కావాలి.

ఆ పాఠంలో మొదటి అక్షరం చీటీ. ద్రావణం పేరు, కలిపిన తేదీ, మూత మొదట తెరిచిన తేదీ, హైపో అయితే దానిలో నడిపిన కాగితాల సంఖ్య, ఇవన్నీ తడికి చెరగని సిరాతో సీసామీదనే ఉండాలి. గోడమీద వ్రాసినవి, మనసులో పెట్టుకున్నవి లెక్కకు రావు. ముసలిదైన హైపోను బావిగట్టునో కాలువలోనో పారబోయడం మరొక తప్పు. కరిగిన వెండి నీటిలోని సూక్ష్మజీవులకు విషం. అందులో ఇనుప పీచు వేసి ఉంచితే ఇనుము కరిగి, వెండి నల్లని మడ్డిగా అడుగున చేరుతుంది. ఎక్స్‌రే విభాగాలనుంచి వాడిన హైపోను కొనుగోలుచేసేవారు ఈ మడ్డికొరకే వచ్చేవారు.

ఇక నడవగోడమీది ఆ వెలిసిన ముఖం సంగతి. దానిని మళ్ళీ మందులలో ముంచి బాగుచేయబోతే ఉన్నదికూడా పోవచ్చును. చట్రంనుంచి మెల్లగా తీసి, నీలి వడపోత గాజును కెమెరాకు తగిలించి నకలు తీయాలి. లేదా రంగుల స్కానరులో పెట్టి, వచ్చిన నకలులో నీలిభాగాన్ని మాత్రం తీసుకోవాలి. పసుపురంగు నీలికాంతిని మింగివేస్తుంది గనుక, మామూలు చూపుకు ఆనని పలుచని పసుపు గీతలు అక్కడ నలుపై తేలుతాయి. ముందు కనుబొమలు కనిపిస్తాయి, తరువాత ముక్కుపుడక.